కర్ణుడి చక్రం, నా కారు టైరు

వెండితెర మీద హీరో కారు ముందుకి దూసుకుపోతూంటుంది. దాని చక్రం మాత్రం నింపాదిగా వెనక్కి తిరుగుతూంటుంది! మీరంతా చూసే ఉంటారు. కౌబాయ్ చిత్రాల్లో గుర్రపుబగ్గీ చక్రం, పౌరాణికాల్లో రథచక్రం, ఇప్పటి చిత్రాల్లో తళతళలాడే అలాయ్ చక్రం – అన్నిటిదీ అదే తంతు. మా కదిరి హాల్లో బెంచీల మీదివాళ్లు ఇది చూసి ఆపరేటరుని కేకలేసేవాళ్లు. ఆయన తప్పేం లేదు, పాపం.

సినిమా అంటే సెకనుకి 24 బొమ్మలు. ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య చక్రం ఎంత తిరిగిందో కెమెరాకి తెలీదు. చక్రానికి అయిదు ఆకులున్నాయనుకోండి. ఆ కాస్త వ్యవధిలో చక్రం సరిగ్గా అయిదో వంతు తిరిగితే, ఒక ఆకు ఉన్న చోటికి దాని వెనకాల ఆకు వచ్చి కూర్చుంటుంది. చక్రం ఆగిపోయినట్టే కనిపిస్తుంది. ఆ వేగానికి రవ్వంత తక్కువైతే వెనక్కి తిరిగినట్టు ఉంటుంది. నా కారు టైరు చుట్టుకొలత 1.89 మీటర్లు. దాని ప్రకారం లెక్క కట్టి చూశాను. అయిదాకుల చక్రం గంటకి దాదాపు 33 కి.మీ. వేగంలో తెర మీద నిలబడిపోతుంది. అంటే మన కథానాయకుడు సైకిలు కంటే కాస్త జోరుగా పోతున్నాడన్నమాట!

సినిమా విలేకరికి టైరు చుట్టుకొలతలతో ఏం పని అంటారా? చెబుతాను. ఈమధ్య రెండు నెలలపాటు నా ప్రపంచమంతా చక్రాలే అయిపోయాయి. నాలుగు టైర్లు మార్చాల్సి వచ్చింది. ఆ నాలుగింటి కోసం మా ఇంట్లో జరిగిన చర్చలు ఏ చిత్రం క్లైమాక్సుకీ తీసిపోవు.

మాది గాండ్లపెంట. కదిరి నుంచి రాయచోటి వెళ్లే రోడ్డు మీద ఉంది. ఒకప్పుడు అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. వేరుశనగ, ఉలవ, చింతచెట్లు, గుట్టలు. తిమ్మమ్మ మర్రిమాను చూడ్డానికి వచ్చేవాళ్లు కదిరిదాకా వస్తే, ఆ చుట్టుపక్కల మేమూ ఉంటాం. ఇలాంటి ఊళ్లో స్పోర్ట్స్ కారేమిటని మీరు నవ్వేలోపు నేనే ఒప్పుకుంటాను. అచ్చమైన స్పోర్ట్స్ కారంటే ఇద్దరే కూర్చునేది, నేలకి ఆనుకుని పోయేది. 1990ల చివర్లో మన దేశంలో సాన్ స్టార్మ్ అని అలాంటిదొకటి వచ్చింది గాని, అది ఎక్కువమంది కంటపడకుండానే వెళ్లిపోయింది. నాది ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ. 2014 మోడలు. ఇంజను 1.2 లీటర్లే కాని, టర్బో పుణ్యమా అని 105 గుర్రాల బలం. పోలోలు మన దేశంలో 2022తో ఆగిపోయాయి. బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ ఆయన దగ్గర రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండులో కొన్నాను. మా ఊళ్లో పిల్లలు దానికి ‘రేసు కారు’ అని పేరు పెట్టారు. నేనేమీ దిద్దలేదు. ఆ పేరు వింటే నాకూ బాగానే ఉంటుంది మరి!

ఆ రేసు కారు ముఖ్యంగా చేసే పని ఏమిటంటే, నెలకోసారి మా అమ్మని బెంగళూరు ఆసుపత్రికి తీసుకెళ్లడం. అమ్మకి గుండె జబ్బు. కదిరి, గోరంట్ల మీదుగా వెళ్లి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర 44వ జాతీయ రహదారి ఎక్కుతాం. తెల్లారగట్ల బయల్దేరితే డాక్టరుగారి వేళకి అందుకుంటాం.

అలా బయల్దేరాల్సిన ముందురోజు సాయంత్రం కారు కడుగుతూంటే, ముందు ఎడమ టైరు పక్కన చేతికేదో తగిలింది. చూద్దును గదా, నిమ్మకాయంత బొబ్బ! టైరు లోపల దారాల అల్లిక ఉంటుంది. గుంతలో పడ్డప్పుడు టైరు గుంత అంచుకీ రిమ్ముకీ మధ్య నలిగితే, ఆ దారాలు తెగుతాయి. తెగినచోట గాలిని ఆపేది పైనున్న పల్చటి రబ్బరు ఒక్కటే. అది బెలూనులా ఉబ్బుతుంది. గంటకి 100 కి.మీ. మీద అది పగిలితే ఏమవుతుందో రాయక్కర్లేదు. రహదారి మీద ముందు చక్రం, పక్కన అమ్మ.

మిగిలిన మూడూ చూశాను. బొబ్బల్లేవు. బటన్ కూడా సగానికి పైనే ఉంది. (మా వైపు టైరు గీట్లని బటన్ అంటారు.) కాని పక్కగోడ మీద కోడిగుడ్డు ఆకారంలో ఒక చిన్న గడి ఉంటుంది. అందులో నాలుగంకెలు. నా టైర్లమీద 2314 అని ఉంది. అంటే 2014వ సంవత్సరం, 23వ వారంలో తయారైనవి. మొదటి యజమాని కారు తక్కువ నడిపాడు, అంచేత గీట్లు అరగలేదు. వయసు మాత్రం ఆగుతుందా? టార్చి వేసి చూస్తే గీట్ల అడుగున వెంట్రుకల్లాంటి పగుళ్లు. పళ్లు గట్టిగా ఉన్నాయని మనిషికి గుండె గట్టిగా ఉన్నట్టు కాదని డాక్టరుగారు అమ్మ విషయంలో అన్న మాట నాకప్పుడు గుర్తొచ్చింది.

మర్నాడు అమ్మని బాడుగ కారులో తీసుకెళ్లాను.

ఇహ ఇక్కడ మా బావమరిది ప్రవేశం. కదిరిలో ఉంటాడు. మంచివాడు. సినిమా పిచ్చి. వచ్చీ రాగానే ఫోను నా ముఖాన పెట్టాడు.

“బావా, సినిమావాళ్ల గురించి రాస్తావు, కారు మాత్రం టమాటాల బండి మాదిరి పెట్టుకున్నావు. సూడు, ఈ చక్రాలెట్లుండాయో!”

బొమ్మలో 17 అంగుళాల నల్లటి అలాయ్ చక్రాలు. అంచున ఎర్ర గీత. వాటికి తొడిగిన టైరు చక్రానికి కాటుక దిద్దినట్టు పల్చగా ఉంది. బెంగళూరులో ఎవరో అమ్ముతున్నారట. రిమ్ములు నాలుగు, వాడిన టైర్లు నాలుగు, కలిపి 35 వేలు. నా దగ్గర ఆ నెల ప్రచార వ్యాసాలు రాసినందుకు వచ్చినవి 30 వేలున్నాయి. మిగతా అయిదూ తను సర్దుతానన్నాడు!

మీతో దాపరికమెందుకు, ఆ బొమ్మ నాకూ నచ్చింది. ఆ చక్రాలు వేస్తే కారు రూపే మారిపోతుంది. పడమటి వెలుగులో, మా ఊరి చింతచెట్ల కింద, ఆ నల్లటి చక్రాలతో నా రేసు కారు ఎలా ఉంటుందో ఊహించుకుంటూ ఒక రాత్రంతా గడిపాను. తెర మీద హీరో ప్రవేశం ఎలా ఉంటుందో మీకు తెలుసుగా. మొదట ముఖం చూపించరు. చక్రం చూపిస్తారు. చక్రం ఆగుతుంది, తలుపు తెరుచుకుంటుంది, బూటు కింద పడుతుంది. 1966లో కృష్ణ ‘గూఢచారి 116’తో మనకి తెలుగు జేమ్స్ బాండ్ వచ్చాక కారు లేని హీరోయిజం కాస్త చప్పబడిందనే చెప్పాలి.

అయితే నేను షూటింగులు కూడా చూసినవాణ్ణి. కొన్నేళ్ల కిందట హైదరాబాదు శివార్లలో ఒక చిత్రం కారు ఛేజింగు గురించి రాయడానికి వెళ్లాను. పేరు అనవసరం. అక్కడ ఒకే రంగువి, ఒకే నెంబరు ప్లేటువి మూడు కార్లున్నాయి. ఒకటి కథానాయకుడి క్లోజప్పులకి. దాని చక్రాలు చూస్తే కళ్లు చెదిరేవి. రెండోది పరిగెత్తడానికి. మూడోది గుద్దడానికి. క్లోజప్పు కారు ఆ రోజంతా లారీ ట్రెయిలరు మీదే ఉంది! ట్రెయిలరు పోతూంటే హీరోగారు స్టీరింగు తిప్పుతున్నారు. ఆ కళ్లు చెదిరే చక్రాలు రోడ్డుని తాకనే లేదు.

పరిగెత్తే కారుకి మాత్రం మామూలు చక్రాలే. దాన్ని నడిపే ఫైటరు వెనక టైర్లలో గాలి బాగా ఎక్కువగా కొట్టిస్తున్నాడు. పక్కన ఇద్దరు కుర్రాళ్లు రోడ్డు మీద నీళ్లు చల్లుతున్నారు. ఎందుకని అడిగాను. “టైరు గట్టిగా ఉంటే రోడ్డుని పట్టుకోదు సార్. జారుతుంది. మాకు జారాలి కదా!” అన్నాడు. మనం గుండె చేత్తో పట్టుకుని చూసే ఆ జారుడు, వాళ్లు కొలిచి, నీళ్లు పోసి తెచ్చుకున్నదన్నమాట. ఆ కీచుమనే శబ్దం తర్వాత థియేటర్లో కలుపుతారు. అందుకే మన చిత్రాల్లో మట్టిరోడ్డు మీద కూడా టైర్లు కీచుమంటాయి. హాలీవుడ్డు వాళ్లేం తక్కువ తినలేదు. 1968లో వచ్చిన ‘బుల్లిట్’ ఛేజింగులో విలన్ల నల్ల కారుకి చక్రాల మూతలు ఊడిపోతూంటాయి. లెక్కపెడితే నాలుగు దాటిపోతాయి. నాలుగు చక్రాల కారుకి!

ఇదంతా బావమరిదికి చెప్పాను. వాడు పట్టు వదల్లేదు. “సరే బావా, పాత టైర్లయితే ఏమి? రేసు కార్లకి అసలు గీట్లే ఉండవు. బోడి టైర్లతోనే కదా వాళ్లు గెలుస్తాండేది?”

ఇది తీసిపారేసే ప్రశ్న కాదు. గీట్లు ఉన్నది నీళ్లని పక్కకి తోయడానికి. రోడ్డు పొడిగా ఉంటే గీట్లతో పనిలేదు, ఎంత రబ్బరు ఆనితే అంత పట్టు. అందుకే పందేల కార్లకి నున్నటి టైర్లు. ఒకప్పుడు మద్రాసు దగ్గర షోలవరంలో, యుద్ధకాలం నాటి విమానాల దారి మీద కారు పందేలు జరిగేవి. 1990 నుంచి అవి శ్రీపెరుంబుదూరు వైపు ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి చేరాయి. అలాంటి చోట వాడే నున్నటి టైరు రబ్బరు మెత్తగా, వేడెక్కితే జిగురులా ఉంటుంది. కొద్దిసేపు బతికితే చాలు దానికి. అరిగి బోడి అయిన మన టైరు రబ్బరు ఎండకి ఎండి పలకలా ఉంటుంది. బోడిగుండంతా తిరుపతి మొక్కు కాదు గదా! పైగా వాన పడితే పందెంలో వాళ్లు కూడా ఆగి, గీట్లున్న టైర్లు వేసుకుంటారు. మనకి రోడ్డు మీద కనీసం 1.6 మి.మీ. లోతు ఉండాలని లెక్క. గీట్ల మధ్య చిన్న చిన్న దిమ్మలుంటాయి. రబ్బరు అరిగి ఆ దిమ్మలతో సమానమైతే ఆ టైరు పని అయిపోయినట్టే.

అప్పుడే నాకు కర్ణుడు గుర్తొచ్చాడు. తెలుగువాడికి చక్రం అంటే మొదట గుర్తొచ్చే ప్రమాదం అదే కదా! 1977 సంక్రాంతికి ఎన్.టి.రామారావుగారు ‘దానవీరశూరకర్ణ’ తెచ్చారు. కర్ణుడు ఆయనే, దుర్యోధనుడు ఆయనే, కృష్ణుడు ఆయనే, దర్శకుడూ ఆయనే. (మా లోక్‌సభ నియోజకవర్గం పేరున్న హిందూపురం నుంచే ఆయన 1985లో శాసనసభకి గెలిచారు.) కర్ణుడికి గొప్ప విల్లుంది, గొప్ప గుర్రాలున్నాయి, సారథి సాక్షాత్తు శల్యుడు. అన్నీ ఉండి, ఆఖరికి నేలకి ఆనే చోట దెబ్బతిన్నాడు. శాపమని వ్యాసుడన్నాడు. శాపమే కావచ్చు. కాని మా తాతలాంటి రైతునడిగితే, మెత్తటి నేలలో సన్నటి పట్టా చక్రం దిగబడుతుందనే చెబుతాడు. అంతెందుకు, మా పల్లెల్లో ఎద్దులబండి చక్రానికి ఆకులు, పూటీలు కూర్చి, పైన ఇనుపపట్టా ఎర్రగా కాల్చి తొడిగి, నీళ్లు పోసి బిగించేవారు. ఎంత పనితనం ఉన్నా వానాకాలం చేలో దిగబడేది. రబ్బరు టైరు బళ్లొచ్చాక ఆ బాధ తగ్గింది. గాలి టైరుని వాడకంలోకి తెచ్చిన డన్లప్ దొర కూడా పశువైద్యుడే. 1888లో బెల్‌ఫాస్టులో కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం చేశాడు. పశువులూ బళ్లూ ఎరిగినవాడికే ఆ ఊహ తట్టడం నాకు ముచ్చటగా ఉంటుంది.

ఇంతకీ కారు నేలకి ఎంతమేర ఆనుతుంది? నేను, అమ్మ, బావమరిది, సామాను కలిపి కారు 1400 కిలోలు అనుకోండి. ఒక్కో టైరు మీద 350 కిలోలు. గాలి 32 పౌండ్లు, అంటే చదరపు సెంటీమీటరుకి 2.25 కిలోలు. భాగిస్తే ఒక టైరు నేలకి ఆనేది 155 చదరపు సెంటీమీటర్లు. కాస్త పెద్ద అరచెయ్యంత. నాలుగూ కలిపితే మామూలు టైపు కాగితం ఒకటి! బ్రేకు వేసినా, మలుపు తిప్పినా, కుక్క అడ్డమొచ్చినా, 105 గుర్రాల బలమూ మా అమ్మ ప్రాణమూ ఆ ఒక్క కాగితం మీదే ఉంటాయి. నల్లటి రిమ్ములు ఆ కాగితాన్ని ఒక్క అంగుళం పెంచవు.

అక్కడితో నా మనసు తేలిపోయింది. ఉన్న 30 వేలూ రబ్బరుకే. రిమ్ములు పాతవే.

కాని ఏ రబ్బరు? కదిరిలో టైర్ల కొట్టు పెద్దాయన దగ్గరికి వెళ్లాను. అందరూ భాయ్ అంటారు. లారీలు, ట్రాక్టర్లు, ఆటోలు, అన్నీ ఆయన చేతికిందే నడుస్తాయి. బావమరిది ఫోనులో బొమ్మ ఆయనకీ చూపించాడు. ఆయన కళ్లద్దాలు పైకెత్తి చూసి, నవ్వి, “బాగుండాయి సార్. బెంగళూరులో మాల్ ముందర నిలబెట్టేదానికి శానా బాగుంటాయి. మీరు గాండ్లపెంటకి పోవల్ల కదా!” అన్నారు.

తర్వాత లెక్క వేసి చూపించారు. ఇది కొంచెం శ్రద్ధగా వినండి, మీ కారుకీ పనికొస్తుంది. నా టైరు మీద 185/60 ఆర్ 15 అని ఉంటుంది. 185 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో. 60 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి అరవై. అంటే 111 మి.మీ. 15 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో. మొత్తం ఎత్తు 603 మి.మీ. బావమరిది ముచ్చటపడ్డ టైరు 215/40 ఆర్ 17. మొత్తం ఎత్తు 604. దాదాపు సమానమే, మీటరు కూడా తప్పు చూపించదు. మరి తేడా ఎక్కడుంది? పక్కగోడలో. 111 పోయి 86 అవుతుంది. రిమ్ముకీ గుంతకీ మధ్య ఒక అంగుళం గాలి తగ్గిపోయింది. 111 ఉండగానే నా టైరుకి బొబ్బ లేచింది గదా! ఆపైన పెద్ద రిమ్ము బరువెక్కువ, గతుకు మీద అంత బరువు ఎగిరిపడుతుంది. రేకు రిమ్ము వంగితే సుత్తితో సరిచేస్తారు, అలాయ్ గట్టి దెబ్బకి పగులుతుంది.

ఇవికాక బోల్టుల సంగతి ఒకటుంది. పోలోకి అయిదు బోల్టులు, 100 మి.మీ. వలయం మీద. మధ్యలో రంధ్రం 57.1 మి.మీ. పోత పోసిన అలాయ్ చక్రాలు చాలావరకు అన్ని కార్లకీ సరిపోయేలా పెద్ద రంధ్రంతో వస్తాయి. మధ్యలో సరైన రింగు వేయకపోతే 80 దాటగానే స్టీరింగు వణుకుతుంది. “ఎద్దులబండికి శీల ఎంతో, దీనికి ఈ రింగంత” అన్నారు భాయ్. ఇక వాడిన టైర్లంటారా, అరిగిన గీట్లని కత్తితో మళ్లీ కోసి నల్లరంగు పూసి అమ్మేవాళ్లున్నారట. గీట్లు ఎంత లోతుగా కోస్తే లోపలి అల్లిక మీద రబ్బరు అంత పల్చనవుతుంది. బావమరిది అప్పటికి ఫోను జేబులో పెట్టుకున్నాడు.

భాయ్ చెప్పిన సైజు 195/60 ఆర్ 15. నా పాత రిమ్ముకే సరిపోతుంది. పక్కగోడ 117, మొత్తం ఎత్తు 615. అంటే కారు నేల నుంచి 6 మి.మీ. పైకి లేస్తుంది. మా స్పీడు బ్రేకర్ల దగ్గర ఆరు మిల్లీమీటర్లంటే చిన్న విషయం కాదు. మీటరు 100 చూపిస్తే నిజంగా 102 పోతున్నట్టు, అది గుర్తుంచుకుంటే చాలు. సైజు పక్కన 84 హెచ్ అనో 88 హెచ్ అనో ఉంటుంది. 84 అంటే టైరు 500 కిలోలు మోస్తుంది, 88 అంటే 560. హెచ్ అంటే 210 కి.మీ. వేగందాకా తట్టుకుంటుంది. బరువు అంకె మాత్రం కంపెనీ ఇచ్చినదానికంటే తగ్గకూడదు. నేను 88 తీసుకున్నాను.

మెత్తటి రబ్బరుదా, గట్టిదా అని ఇంకో పేచీ. మెత్తటిది పట్టు బాగా ఇస్తుంది, త్వరగా అరుగుతుంది. మా రోడ్డు సంగతి చెబితేగాని ఇది తేలదు. ఎండాకాలం తారు పెనంలా కాలుతుంది. రోడ్డు పక్క సీమతుమ్మ ముళ్లు. ఉలవ కోతలప్పుడు రైతులు కట్టె తెచ్చి రోడ్డు మీద పరుస్తారు, వచ్చేపోయే బళ్లే నూర్చిపెడతాయి. పాపం, వాళ్లకి కళ్లాలు ఎక్కడున్నాయిప్పుడు? ఆ కట్టె మీద బ్రేకు వేస్తే, షూటింగులో నీళ్లు చల్లిన రోడ్డుకంటే అన్యాయం. ఎంత మంచి టైరయినా జారుతుంది. అక్కడ నెమ్మదిగా పోవడం తప్ప మందు లేదు. వాన తక్కువే గాని, పడితే 2021 నవంబరులో పడ్డట్టు పడుతుంది. వాగులు రోడ్డెక్కాయి. అందుకని పక్కగోడ గట్టిగా, నీళ్లు తోసే గీట్లు వెడల్పుగా ఉన్న రకం ఎంచుకున్నాను. పందెం రకం కాదు. బ్రాండు పేరు చెప్పను, ఇది ప్రకటన కాదు కాబట్టి.

నాలుగూ కలిపి 28,800. డబ్బు చాలకపోతే రెండే తీసుకుందామా అని ఒక దశలో అనుకున్నాం. అప్పుడు కొత్తవి ముందు వేయాలా, వెనక వేయాలా? ఇంజను లాగేది ముందు చక్రాల్ని కాబట్టి ముందు వేయాలంటాడు మా బావమరిది. చాలామంది అదే అంటారు. కాని టైర్ల కంపెనీలు వెనకే వేయమంటాయి. ముందు చక్రం జారితే కారు మలుపు తిరక్క నేరుగా పోతుంది, యాక్సిలేటరు వదిలితే చాలావరకు దారికొస్తుంది. వెనక చక్రం జారితే కారు బొంగరమవుతుంది, బొంగరాన్ని ఆపడం ఆ ఫైటరుకి వచ్చుగాని మనకి రాదు. మొత్తానికి ఆ ప్రశ్న రాలేదు, నాలుగూ కొనేశాను. కొత్త టైర్ల మీద నాలుగంకెలు చదివి మరీ ఒప్పుకున్నాను. నాలుగూ ఆరు నెలల లోపువే.

బిగించేటప్పుడు ఒక వేడుక జరిగింది. కుర్రాడు పానా పట్టి, దాని మీద ఎక్కి నిలబడి తొక్కబోయాడు. భాయ్ గదమాయించారు. పోలో బోల్టుకి 120 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. ఆయన కొలిచే పానా తెచ్చి ‘టక్’మనేదాకా తిప్పించారు. ఎక్కువ బిగిస్తే మర చెడుతుంది, రోడ్డు మీద పంచరైతే స్టెప్నీ వేసుకోవడానికి బోల్టు ఊడి రాదు. బ్యాలెన్సింగు, అలైన్‌మెంటు చేయించాను. నైట్రోజన్ పెట్టమంటారా అనడిగారు. మన గాలిలో నూటికి 78 పాళ్లు నైట్రోజనే, ఊరికే వస్తోంది. మామూలు గాలే పెట్టించాను. పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు, పదిహేను రోజులకోసారి చూసుకుంటే అంతకంటే మేలు. గాలి తక్కువైన టైరు నడుస్తూ నలుగుతుంది, నలిగి వేడెక్కుతుంది, మే నెలలో పగిలేవాటిలో చాలా వాటికి మూలం అదే.

టీ తాగుతూ భాయ్‌కి ఒక కథ చెప్పాను. 1946లో మద్రాసు తిరువొత్తియూరులో మామ్మెన్ మాప్పిళ్లై అనే ఆయన ఒక షెడ్డులో పిల్లల బెలూన్లు చేయడం మొదలుపెట్టారు. అదే తర్వాత ఎమ్మారెఫ్ టైర్ల కంపెనీ అయింది. భాయ్ నా పాత టైరు బొబ్బ మీద వేలు పెట్టి, “ఇది మళ్లా బెలూను కావల్లని సూస్తాంది సార్” అన్నారు.

మిగిలిన 1200లో బ్యాలెన్సింగు ఖర్చులు పోగా, ఒక డబ్బా వెండిరంగు స్ప్రే, గరుకు కాగితం కొన్నాను. ఆదివారం బావమరిదీ నేనూ కూర్చుని పాత రిమ్ముల గీతలు రుద్ది రంగు వేశాం. నల్లరంగు వేద్దామని వాడు ఒక ప్రయత్నం చేశాడు. మధ్యనున్న మూతలకి మాత్రం ఒప్పుకున్నాను. అంచున ఎర్ర గీత వాడు నాకు చెప్పకుండా గీశాడు. ఫరవాలేదు, బాగానే ఉంది!

తరువాతి నెల అమ్మతో బెంగళూరు వెళ్లాం. గోరంట్ల దాటాక అమ్మ నిద్రపోయింది. ఇదివరకు ఆ రోడ్డు మీద ప్రతి గతుక్కీ లేచి “ఏమైందప్పా?” అనేది. ఈసారి చెక్‌పోస్టు దగ్గర టోపీ అమ్మేవాడు అద్దం తట్టేదాకా లేవలేదు. బాగేపల్లి అవతల వాన అందుకుంది. ముందు లారీ ఎర్రదీపాలు ఒక్కసారిగా వెలిగితే బ్రేకు నొక్కాను. కారు గీత గీసినట్టు నేరుగా ఆగింది. వెనకసీట్లో బావమరిది ఫోను కింద పడింది. అదొక్కటే నష్టం.

పాత టైర్లు నాలుగింటిలో బొబ్బ ఉన్నదాన్ని భాయ్ అడ్డంగా కోసేశారు, ఎవరూ మళ్లీ వాడకుండా. ఒకటి మా దొడ్లో గేదె దూడ మేతకి గాబు అయింది. తక్కిన రెండిటినీ మా వీధి పిల్లలు పట్టుకుపోయారు. బడి వదిలాక చెరో కట్టె పుచ్చుకుని, రాయచోటి రోడ్డు పక్క మట్టిదారిలో దొర్లించుకుంటూ పరిగెడుతున్నారు. నోటితో కీచుమని శబ్దం కూడా చేస్తున్నారు, అచ్చం సినిమాలో లాగే.